నీటి యంత్రం ఇంటికి వచ్చినప్పుడు



గోదావరి డెల్టాలో నివసించేవారికి వానాకాలమంటే ఏమిటో ప్రత్యేకించి చెప్పనవసరం లేదు. తొలకరితో తడిసిన నేల నవంబరు దాటినా పూర్తిగా ఆరదు. కొబ్బరి చెట్ల నీడలోని పెరడు, నాపరాళ్ళు పరచిన వాకిలి, డాబా మెట్లు, నూతి గచ్చు, మస్జిద్‌లో వుజూ చేసుకునే చోటు, అన్నీ పచ్చటి పాచి పట్టిపోతాయి. ఫజ్ర్ వేళ చీకటిలో బయలుదేరిన పెద్దవారు ఆ పాచి మీద కాలు జారి పడటం, తుంటి ఎముక విరిగి నెలల తరబడి మంచం పట్టడం మనం ఎరిగిన విషయమే. కనుక పాచిని వదిలించుకోవడం ఇంటి అందం కోసం మాత్రమే చేసే పని కాదు. అది ఇంట్లోని వృద్ధుల, గర్భిణుల, పసివారి క్షేమానికి సంబంధించినది.

ఈ మధ్య కోనసీమ నుండి ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. ఆమె కుమారుడు కువైట్‌లో పనిచేస్తున్నాడు. ప్రతి వానాకాలం అమ్మీ కొబ్బరి చీపురు పట్టుకుని వాకిలి రుద్దుతూ అవస్థ పడుతున్నదని తలచి, సెలవు మీద వస్తున్న స్నేహితుని సామానులో ఒక ప్రెషర్ వాషర్ పంపించాడు. మన ఊళ్ళలో మోటారు సైకిళ్ళకు వాటర్ సర్వీసింగు చేసే యంత్రం వంటిదే, ఇంటి కోసం చిన్నదిగా చేసినది. "దీనిని ఎలా మొదలుపెట్టాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మినవారిని అడుగుదామంటే దుకాణం కువైట్‌లో ఉన్నది. మీ మదర్సాలో ఇటువంటిది ఉన్నదని విన్నాము. పిల్లలు ఆత్రపడుతున్నారు. వాడవచ్చునా?" అని ఆ సోదరి అడిగారు.

వాడవచ్చును. అయితే ఎలా వాడాలో చెప్పే ముందు, ఈ ప్రశ్నకు సమాధానం రాయడం మా బాధ్యత అని మేము ఎందుకు భావిస్తున్నామో చెప్పవలసి ఉన్నది.

మా నిర్లక్ష్యం నేర్పిన పాఠం

2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు. బ్యారేజీ నుండి 25 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు సముద్రంలోకి వెళ్ళింది. లంక గ్రామాలు నీట మునిగాయి. మా మదర్సా గట్టుకు ఇవతలే ఉన్నా, మురుగు కాలువ ఎగదన్ని మా వాకిలి నిండా నీరు నిలిచింది. నీరు తీసిన తరువాత జానెడు మందాన ఒండ్రు మిగిలింది. ఒక హితైషి తన వద్ద ఉన్న ప్రెషర్ వాషర్ మాకు ఇచ్చారు. పెద్ద తరగతి విద్యార్థులు ఉత్సాహంగా పనిలోకి దిగారు. యంత్రం ఎలా ఆడుతుందో వారు క్షణంలో పట్టుకున్నారు. మేము వరండాలో కూర్చుని చూస్తూ సంతోషించాము.

పని ముగిసే వేళ పధ్నాలుగేళ్ళ ఒక విద్యార్థి తన కాళ్ళకు అంటిన బురద చూపించి, "ఇటు కూడా కొట్టు" అన్నాడు. గన్ను పట్టుకున్న పిల్లవాడు నవ్వుతూ కొట్టాడు. అది క్షణకాలం. కాలి వేళ్ళ పైభాగాన ముల్లు గుచ్చుకున్నంత చిన్న చుక్క కనిపించింది. రక్తం కూడా దాదాపు రాలేదు. మేమే ఆ చుక్కను తుడిచి, మందు రాసి, "ఏమీ కాదు, వెళ్ళి పడుకో" అని పంపాము.

తెల్లవారేసరికి ఆ పాదం మడమ దాకా వాచి, నల్లబారి ఉన్నది. రాజమహేంద్రవరం తీసుకువెళ్ళాము. చర్మంలోకి దూరిన నీరు కండరాల నడుమ దారి చేసుకుని పైకి పాకిందనీ, తనతోపాటు బురదను, క్రిములను లోపలికి మోసుకుపోయిందనీ శస్త్రవైద్యులు వివరించారు. పాదం కోసి రెండు సార్లు లోపల శుభ్రం చేశారు. "నిన్న సాయంత్రమే ఎందుకు తీసుకురాలేదు?" అన్న వారి ప్రశ్నకు మా వద్ద సమాధానం లేకపోయింది. పన్నెండు రోజుల తరువాత అతడు ఇంటికి వచ్చాడు. అల్‌హమ్దులిల్లాహ్, ఇప్పుడు నడుస్తున్నాడు, నమాజులో నిలబడుతున్నాడు. కాని ఆ పాదానికి రెండు వేళ్ళు ముడుచుకోవు. సజ్దాలో ఆ వేళ్ళు నేల మీద వంగకుండా నిలిచిపోవడం మేము ప్రతిరోజూ చూస్తున్నాము.

అతని తల్లి మమ్మల్ని ఒక్క మాట కూడా నిందించలేదు. "మీరు చూసుకుంటారనే కదా హజ్రత్, మీ దగ్గర ఉంచాము" అని మాత్రం అన్నారు. ఆ మాట నేటికీ మమ్మల్ని వదలలేదు. యంత్రం ఇచ్చినవారి తప్పు లేదు, పిల్లల తప్పు అంతకన్నా లేదు. అమానత్‌గా అప్పగించిన బిడ్డల చేతిలో మేము ఏమి పెడుతున్నామో మేము తెలుసుకోలేదు. తరువాత తెలుసుకున్నాము, తెలిసినవారి వద్ద కూర్చుని నేర్చుకున్నాము. ఆ నేర్చుకున్నదే ఇప్పుడు మీ ముందు ఉంచుతున్నాము.

నీరే కదా అనుకోవద్దు

ఇంటి మీది ట్యాంకు నుండి కుళాయికి దిగే నీటికి పెద్దగా ఒత్తిడి ఉండదు. పది మీటర్ల ఎత్తు నుండి దిగే నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. మన డాబా మీది ట్యాంకు నాలుగైదు మీటర్ల ఎత్తున ఉంటుంది కనుక, కుళాయి వద్ద అందులో సగం కూడా ఉండదు. ఇళ్ళలో వాడే ప్రెషర్ వాషరు ఆ నీటినే తన పంపులోకి తీసుకుని 100 బార్లు, అంతకు మించిన ఒత్తిడికి పెంచి, సూది బెజ్జమంత రంధ్రం గుండా బయటికి నెడుతుంది. ఆ నీరు సెకనుకు నూరు మీటర్లకు మించిన వేగంతో వస్తుంది. రాతికి అంటుకున్న పాచిని పెకలించే ధారకు మనిషి చర్మం ఒక అడ్డు కాదు. ఇది నీళ్ళ పైపు కాదు, నీటితో చేసిన కత్తి అని ఇంట్లో అందరికీ ముందుగా చెప్పండి. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే మిగిలిన జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి.

మొదట కరెంటు సంగతి

నీరు, విద్యుత్తు ఒకే చోట కలిసే పని ఇది. అందుచేత నీటి కన్నా ముందు విద్యుత్తు గురించి ఆలోచించాలి.

గల్ఫ్ నుండి వచ్చిన యంత్రాల ప్లగ్గుకు తరచుగా మూడు పలక పిన్నులు ఉంటాయి. మన గోడలలో ఉండేవి గుండ్రటి రంధ్రాలు. చాలామంది బజారులో దొరికే చౌక కన్వర్టర్ పిన్ను తగిలించి పని కానిస్తారు. వాటిలో కొన్నింటికి ఎర్తు కలవదు. ఎర్తు కలవకపోతే, యంత్రంలో ఎక్కడైనా కరెంటు లీకైనప్పుడు అది నేలలోకి పోయే దారి లేక తడి చేతులతో పట్టుకున్న మనిషి గుండా పోతుంది. కనుక తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మన దేశపు 16 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గు సరిగా అమర్చుకోండి. యంత్రం మీది చిన్న పలక మీద 220 నుండి 240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉన్నదో లేదో కూడా చూపించండి.

బోర్డులో ఆర్.సి.సి.బి. అనే రక్షణ స్విచ్చి ఉన్నదేమో అదే సమయంలో అడగండి. 30 మిల్లీ ఆంపియర్ల రకం అయితే, మనిషి శరీరం గుండా కరెంటు లీకు కావడం మొదలైన క్షణంలోనే సరఫరాను తెంచివేస్తుంది. మామూలు ఫ్యూజు గాని, ఎం.సి.బి. గాని ఆ పని చేయవు. అవి తీగలు కాలిపోకుండా కాపాడతాయే గాని మనిషిని షాకు నుండి కాపాడవు. ఈ స్విచ్చి ఖర్చుకు వెనుకాడేవారు యంత్రాన్ని అటక మీదనే ఉంచడం మేలు.

పొడవు చాలదని సన్నటి తీగతో చేసిన ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడవద్దు. 1500 వాట్ల యంత్రం ఆరేడు ఆంపియర్ల కరెంటు లాగుతుంది. సన్నటి తీగ వేడెక్కి కరుగుతుంది. తప్పనిసరి అయితే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉన్నది, ఎర్తుతో కూడినది తీసుకోండి. చుట్ట మీద ఉన్న తీగను పూర్తిగా విప్పి పరచండి. ప్లగ్గు కలిసే చోటును నేల మీద వదలక, పొడిగా ఉన్న ఎత్తు పీట మీద, ధార తగలని దూరాన ఉంచండి. తడి చేతులతో ప్లగ్గు ముట్టకండి. తీగ ఎక్కడైనా చిట్లి ఉంటే టేపు చుట్టి సరిపెట్టవద్దు, మార్పించండి.

మొదలుపెట్టే క్రమం

యంత్రంతో వచ్చిన పుస్తకం మొదట చదవండి. అది ఇంగ్లీషులోనో అరబీలోనో ఉంటే చదవగలిగిన బిడ్డ చేత చదివించుకోండి. యంత్రానికీ యంత్రానికీ చిన్న తేడాలు ఉంటాయి కనుక పుస్తకంలో ఉన్నదే మీ యంత్రానికి ప్రమాణం. సాధారణంగా పాటించవలసిన క్రమం ఇది.

ఒకటి. పని చేసే చోటును ఖాళీ చేయండి. పిల్లలు, మేకలు, కోళ్ళు, ఆరవేసిన బట్టలు, మంచినీళ్ళ బిందెలు అక్కడ ఉండకూడదు. పసివారిని ఇంటి లోపల ఉంచి తలుపు వేయండి. ఎగిరే చిన్న రాయి పది అడుగుల దూరాన ఉన్న కంటికి కూడా తగలవచ్చు.

రెండు. దుస్తులు చూసుకోండి. హవాయి చెప్పులు పనికిరావు. వేళ్ళు కప్పి ఉండే బూట్లు, పొలం పనికి వాడే రబ్బరు బూట్లు ఉంటే మరీ మంచిది. కంటికి అద్దాలు తప్పనిసరి. లుంగీ గాని, చీర కుచ్చెళ్ళు గాని, వేలాడే దుపట్టా గాని కాళ్ళకు, పైపుకు చుట్టుకోకుండా బిగించుకోండి.

మూడు. నీరు చాలినంత వస్తున్నదో లేదో పరీక్షించండి. ఇంటి యంత్రానికి నిమిషానికి ఆరు నుండి ఎనిమిది లీటర్ల నీరు కావాలి. పదిహేను లీటర్ల బకెట్టును కుళాయి క్రింద పెట్టండి. రెండు నిమిషాలలోపు నిండితే నీరు చాలును. నిండకపోతే పంపు గాలి పీల్చి పాడవుతుంది. కొన్ని యంత్రాలు డ్రమ్ములోని నీటిని తామే పీల్చుకోగలవు. మీది అటువంటిదో కాదో పుస్తకంలో చూడండి.

నాలుగు. నీటి శుభ్రత చూసుకోండి. బోరు నీటిలో ఇసుక, కాలువ నీటిలో ఒండ్రు ఉంటాయి. అవి పంపును అరగదీస్తాయి. యంత్రంలోకి నీరు ప్రవేశించే చోట ఉన్న జల్లెడను ప్రతిసారీ తీసి కడిగి మళ్ళీ పెట్టండి. కాలువ నీరు వాడవలసి వస్తే ముందురోజే డ్రమ్ములో నింపి, తేరిన నీటిని వాడండి.

అయిదు. పైపులు, గన్ను బిగించండి. నాజిల్ గట్టిగా కూర్చున్నదో లేదో చూసుకోండి. సరిగా బిగించని నాజిల్ తుపాకీ గుండులా ఎగిరిపోతుంది.

ఆరు. ఇది చాలామంది మరచే మెట్టు. స్విచ్చి వేయకముందే కుళాయి పూర్తిగా తిప్పి, గన్ను మీట నొక్కి పట్టుకోండి. మొదట గాలితో కలిసి బుసబుసమంటూ నీరు వస్తుంది. గాలి అంతా పోయి ధార ఒకే తీరున వచ్చేదాకా నొక్కి ఉంచండి. లోపల గాలి ఉండగా మోటారు వేస్తే పంపు పొడిగా తిరిగి, దాని రబ్బరు సీళ్ళు కాలిపోతాయి. కొత్త యంత్రాలు మొదటి నెలలోనే పాడయ్యే కారణాలలో ఇది ఒకటి.

ఏడు. మీట వదిలి, లాకు వేసి, అప్పుడు స్విచ్చి వేయండి. గన్నును రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు కొంచెం ఎడంగా ఉంచి నిలబడండి. ధారను నేల వైపు ఉంచి లాకు తీసి మీట నొక్కండి. గన్ను వెనక్కు తన్నుతుంది. అందుకు సిద్ధంగా ఉంటే తూలిపడరు.

ధారను నడిపే తీరు

చాలా యంత్రాలతో రంగు రంగుల నాజిల్లు వస్తాయి. సాధారణంగా ఎరుపు సున్నా డిగ్రీలది, అంటే ధార సూదిలా వస్తుంది. పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40 డిగ్రీల విసనకర్రలా ధారను విప్పుతాయి. నలుపు సబ్బు నీటి కోసం. ఇంటి పనికి ఎరుపుతో అవసరమే లేదు. మేము మా ఎరుపు నాజిల్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాము. తెలుపుతో, మూడడుగుల దూరం నుండి మొదలుపెట్టండి. పాచి వదలకపోతే కొద్దికొద్దిగా అడుగు దూరం దాకా దగ్గరకు రండి. అప్పటికీ వదలకపోతే ఆకుపచ్చ వాడండి. ధారను ఒకేచోట నిలపక, వాకిలి ఊడ్చినట్లు పక్కలకు కదిలిస్తూ, ఎత్తు నుండి పల్లానికి నడపండి. కడిగిన చోట నిలబడి కడగవలసిన చోటుకు కొట్టండి. పాచి మీద నిలబడి వెనక్కు నడవకండి.

నిచ్చెన ఎక్కి ఈ పని ఎన్నడూ చేయవద్దు. గన్ను తన్నే తన్నుకు నిచ్చెన కదులుతుంది. డాబా మీద కడిగేటప్పుడు పిట్టగోడకు వీపు పెట్టి వెనక్కు జరగవద్దు.

ధార తగలకూడనివి కొన్ని ఉన్నాయి. మనిషి, జంతువు అన్నది మొదటి మాట. మీటరు బోర్డు, స్విచ్చులు, ఏసీ, మోటారు రెండవది. సిమెంటు రేకుల కప్పు మూడవది. పాత రేకులలో ఆస్బెస్టాస్ ఉంటుంది. ధార కొట్టినప్పుడు దాని సన్నటి పోగులు ఊడి, ఆరిన తరువాత గాలిలో లేచి ఊపిరితిత్తులకు కీడు చేస్తాయి. పెంకుటింటి కప్పు మీద కొడితే పెంకులు లేచి, వాన నీరు లోపలికి దిగుతుంది. తాతల నాటి సున్నపు గోడలు, పాత మస్జిద్‌ల గచ్చుపని ఈ ధారకు నిలువవు. వాటికి కొబ్బరి పీచు, ఓపిక మాత్రమే తగినవి. వాహనం కడిగేటప్పుడు టైరు పక్క భాగానికి దగ్గరగా కొట్టవద్దు. లోపల దెబ్బ తిన్న టైరు తరువాత దారిలో పేలవచ్చు.

వరద ఒండ్రు ఉన్నప్పుడు మొదటే యంత్రం తీయకండి. తడిగా ఉండగానే పారతో, తట్టతో ఎత్తివేసి, చివరి పొరకు మాత్రమే ధార వాడండి. నీట మునిగిన ఇంటిలో ఎలక్ట్రీషియన్ చూసి సరే అన్నదాకా కరెంటు వేయవద్దు. మూలలలో పాములు ఉంటాయని మరువవద్దు. వరద తరువాత చల్లే బ్లీచింగ్ పౌడరును బాత్రూములు కడిగే యాసిడుతో ఎన్నడూ కలపకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. వాటిని యంత్రపు సబ్బు డబ్బాలో పోయడం కూడా తప్పే.

కరెంటు పోతుందని పెట్రోలు యంత్రం తెచ్చుకున్నవారికి మరొక మాట. దానిని గదిలో గాని, వసారాలో గాని, కిటికీ పక్కన గాని నడపవద్దు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, మనిషిని నిద్రలోకి జార్చి ప్రాణం తీస్తుంది. ఇంజను చల్లారకముందు పెట్రోలు పోయవద్దు.

ఆపే క్రమం

చాలా ప్రమాదాలు పని అయిపోయిందని అనుకున్న తరువాతనే జరుగుతాయి. స్విచ్చి ఆపినంత మాత్రాన ఒత్తిడి పోదు. అది పైపులో దాగి ఉంటుంది. మొదట స్విచ్చి ఆపి ప్లగ్గు తీయండి. తరువాత కుళాయి కట్టండి. ఆ తరువాత గన్నును నేల వైపు పెట్టి మీట నొక్కి, లోపలి నీరు జారిపోయేదాకా పట్టుకోండి. అప్పుడు లాకు వేసి, ఆ తరువాతనే పైపు విప్పండి. నాజిల్ మార్చేటప్పుడు కూడా ఇదే క్రమం. రంధ్రంలో చెత్త అడ్డుపడితే వేలితో చూడవద్దు, నాజిల్ ఊడదీసి పిన్నుతో శుభ్రం చేయండి.

మధ్యలో ఎవరైనా పిలిస్తే, యంత్రాన్ని ఆడుతుండగా వదిలి వెళ్ళకండి. మీట వదిలినా కొన్ని యంత్రాలలో పంపు తిరుగుతూనే ఉంటుంది. లోపలి నీరే మళ్ళీ మళ్ళీ తిరిగి వేడెక్కి సీళ్ళను పాడుచేస్తుంది. ఒకటి రెండు నిమిషాలకు మించి అలా ఉంచరాదు. పని అయ్యాక గన్ను ఒకచోట, యంత్రం మరొకచోట దాచండి. తాళం చెవి పెద్దవారి వద్దనే ఉండాలి.

చుక్కంత గాయమైనా

ధార చర్మానికి తగిలి చిన్న చుక్క పడినా, నొప్పి లేకపోయినా, రక్తం రాకపోయినా, దానిని సాధారణ గాయంగా తలచకండి. యంత్రం ఆపి, గాయాన్ని శుభ్రమైన గుడ్డతో కప్పి, ఆ కాలును లేక చేతిని కదలనివ్వకుండా వెంటనే శస్త్రచికిత్స సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పిండకండి, పసుపు పెట్టకండి, వాపు వస్తుందో రాదో చూద్దామని తెల్లవారేదాకా ఆగకండి. వైద్యునితో "గీసుకుంది" అనవద్దు. "ఎక్కువ ఒత్తిడి గల నీటి ధార చర్మంలోకి దూరింది" అని స్పష్టంగా చెప్పండి. నీటిలో సబ్బో మందో కలిపి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. ఆ సాయంత్రం మాకు తెలియనిది ఇదే.

ఎవరికైనా షాకు కొడితే ముందు మెయిన్ ఆపండి. కరెంటు పోకముందు ఆ మనిషిని ముట్టుకోకండి.

నీటి లెక్క, పొరుగువారి హక్కు

ఈ యంత్రం మామూలు పైపు కన్నా తక్కువ నీరు వాడుతుంది. మామూలు పైపు నుండి నిమిషానికి పదిహేను ఇరవై లీటర్లు పోతే, దీని నుండి ఆరేడు లీటర్లు పోతాయి. అయినా గంటసేపు ఆడితే మూడు నాలుగు వందల లీటర్లు అవుతుంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సాఅ నీటితో గుస్ల్ చేసేవారని హదీసుల ద్వారా మనకు తెలుసు. సాఅ అంటే ఇంచుమించు మూడు లీటర్లు. మన యంత్రం అర నిమిషంలో ఖర్చు చేసే నీరు అది. ఈ సంగతి గుర్తుంటే చేయి మీట మీద అనవసరంగా నిలవదు. వేసవిలో కాలువలు కట్టివేసి, ఊరి చెరువు అడుగంటే రోజులలో యంత్రాన్ని పక్కన పెట్టి చీపురుతోనే సరిపెట్టుకోవడం ఉత్తమం.

ఖుర్బానీ తరువాత ఆ చోటు కడగడానికి కొందరు నేరుగా ఈ ధార వాడుతున్నారు. అది సరియైనది కాదు. ధార రక్తాన్ని తుంపరలుగా చిమ్మి, గోడల మీద, బట్టల మీద, పొరుగువారి గుమ్మం మీద పడవేస్తుంది. తహారత్ కోసం చేసిన పని వల్ల నజాసత్ నలువైపులా వ్యాపిస్తుంది. మొదట మన ప్రాంతంలో సమృద్ధిగా దొరికే ఊక చల్లి రక్తాన్ని పీల్పించి, ఎత్తి పాతిపెట్టండి. తరువాత చెంబుతో నెమ్మదిగా నీరు పోసి కడగండి. చివరగా మిగిలిన జిడ్డుకు మాత్రమే వెడల్పు ధార వాడండి. కడిగిన మురికి నీరు పక్కవారి వాకిలిలోకి గాని, తాగునీటి కాలువలోకి గాని పోకుండా చూడండి. మనం శుభ్రపడటానికి మరొకరిని మలినపరచే అనుమతి మనకు లేదు.

సోదరికి మా సమాధానం

సోదరీ! మీ కుమారుడు ప్రేమతో పంపిన వస్తువును వాడండి. అయితే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. మొదటి రోజు కరెంటు లేకుండా, వట్టి నీటితో పైపులు బిగించి విప్పడం నాలుగుసార్లు అలవాటు చేసుకోండి. ఇంట్లో పెద్దవారు ఒకరు మాత్రమే గన్ను పట్టాలని నియమం పెట్టండి. పద్ధెనిమిది నిండని పిల్లలకు ఇవ్వకండి, వారు ఎంత బతిమాలినా సరే. మా మదర్సాలో ఇప్పుడు అదే నియమం. మేము స్వయంగా బూట్లు వేసుకుని, అద్దాలు పెట్టుకుని వాకిలి కడుగుతుంటే విద్యార్థులు దూరంగా వరండాలో నిలబడి నవ్వుతారు. నవ్వనివ్వండి అనుకుంటాము. వారితో కలిసి ఆ పిల్లవాడు కూడా నవ్వుతాడు.

తవక్కుల్ అంటే జాగ్రత్తలు మానుకోవడం కాదు. ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయాలన్న ప్రవక్తవారి ఉపదేశం మన ఇంటి యంత్రాలకు కూడా వర్తిస్తుంది. కట్టకుండా వదిలివేసి నమ్ముకున్నామని చెప్పే హక్కు మాకు లేదని ఒక బిడ్డ పాదం మాకు నేర్పింది. ఆ పాఠం మీ ఇంట్లో ఎవరూ అంత మూల్యం చెల్లించి నేర్చుకోవలసిన అవసరం రాకూడదు.

అల్లాహ్ మన ఇళ్ళను శుభ్రంగాను, మన బిడ్డలను క్షేమంగాను ఉంచుగాక! ఆమీన్.